మనోడు: ‘గుడ్‌ఫెల్లాస్’ సినిమా చూశాక మాట్లాడుకున్నది

అందరికీ నమస్కారం. సినిమా అయిపోయాక కూడా ఇంతమంది కూర్చున్నందుకు సంతోషం. మీలో సగం మంది పైగా మార్టిన్ స్కోర్సెసీ తీసిన ఈ మాఫియా సినిమా ‘గుడ్‌ఫెల్లాస్’ని ఇవాళే మొదటిసారి చూశారని ఇందాక చేతులెత్తినప్పుడు అర్థమైంది. నాది ఎడిటింగ్ పని. ఈ సినిమాని నేను టేబుల్ మీద ముక్కలు ముక్కలుగా ఆపి, వెనక్కి తిప్పి, చాలాసార్లు చూశాను. అయినా ఇవాళ మీ మధ్య కూర్చుని చూస్తుంటే, మీరు ఎక్కడ నవ్వారో, ఎక్కడ నవ్వు ఆపేశారో వింటుంటే కొత్తగా అనిపించింది.

పేరుతో మొదలుపెడతాను. ‘గుడ్‌ఫెల్లాస్’ అంటే మంచివాళ్ళు అని అనువదించుకుంటే సినిమా తలుపు దగ్గరే ఆగిపోతాం. ఆ మాటకి అర్థం సినిమాలోనే చెప్పారు, గమనించారా? మేం ఒకరినొకరం అలా పిలుచుకునేవాళ్ళం అంటాడు కథ చెప్పే ముఠా మనిషి హెన్రీ. ఎవరినైనా పరిచయం చేసేటప్పుడు, వీడు నీకు నచ్చుతాడులే, మనలో ఒకడే అని చెప్పడానికి ఆ మాట వాడతారట. మన దగ్గర దీనికి రెండో మాట వెతకక్కర్లేదు. ‘మనోడు.’ ఆఫీసులో ఫైలు కదలాలన్నా, బస్సులో సీటు దొరకాలన్నా, కాలేజీలో గొడవైతే విడిపించాలన్నా మనం వాడే మాట. ‘ఏం ఫర్వాలేదు, మనోడే.’

ఈ అర్థం సినిమాలో ఎప్పుడు చెబుతారో చూడండి. మొదట్లో చెప్పలేదు. రెండు గంటలు కావస్తుండగా, ముఠాలో హెన్రీ నేస్తం టామీ కొత్త సూటు వేసుకుని, తల్లికి ముద్దు పెట్టి, తనను ముఠాలో పూర్తి సభ్యుణ్ణి చేసే తంతుకి బయలుదేరినప్పుడు చెబుతారు. ‘మనలో ఒకడు’ అనే మాట మన చెవిలో పడిన నిమిషానికి టామీ ఒక ఖాళీ గదిలోకి అడుగుపెడతాడు. లోపల ఎవరూ లేరు. అతనికి విషయం అర్థమయ్యేలోపే వెనక నుంచి తలలోకి తూటా దిగుతుంది. నా మాటంతా ఈ ఒక్క నిమిషం చుట్టూనే తిరుగుతుంది.

కొంచెం వెనక్కి వెళ్దాం. ఇది నిజంగా జరిగిన కథ. హెన్రీ హిల్ అనే మనిషి 1943లో న్యూయార్క్‌లో పుట్టాడు. తండ్రి ఐరిష్, తల్లి సిసిలీ నుంచి వచ్చిన కుటుంబం. బ్రూక్లిన్‌లో వాళ్ళ ఇంటి ఎదురుగా ఉన్న ట్యాక్సీ స్టాండు ఒక మాఫియా కుటుంబానికి అడ్డా. పన్నెండేళ్ళకే అక్కడ పనులు చేయడం మొదలుపెట్టి, పాతికేళ్ళు అందులోనే బతికి, 1980లో డ్రగ్స్ కేసులో దొరికిపోయి, ప్రభుత్వ సాక్షిగా మారాడు. నికొలస్ పిలెగ్గీ అనే క్రైమ్ రిపోర్టర్ అతనితో నెలల తరబడి మాట్లాడి ‘వైజ్‌గై’ అనే పుస్తకం రాశాడు. 1985లో వచ్చింది. మార్టిన్ స్కోర్సెసీ అది చదివి పిలెగ్గీకి ఫోన్ చేసి, ఇలాంటి పుస్తకం కోసం జీవితమంతా ఎదురుచూశానన్నాడు. మీ ఫోన్ కోసం నేనూ జీవితమంతా ఎదురుచూశానని పిలెగ్గీ బదులిచ్చాడు. ఇద్దరూ కలిసి స్క్రిప్టు రాశారు. అప్పటికే టీవీలో ‘వైజ్‌గై’ పేరుతో ఒక సీరియల్ ఉండటంతో సినిమాకి పేరు మార్చారు. 1990లో విడుదలైంది. నిజం మనుషుల పేర్లు చాలావరకు మార్చారు. జిమ్మీ బర్క్ జిమ్మీ కాన్వే అయ్యాడు, టామీ డీసిమోన్ టామీ డీవిటో అయ్యాడు, ముఠా పెద్ద పాల్ వారియో పాలీ సిసెరో అయ్యాడు. హెన్రీ, అతని భార్య కరెన్ మాత్రం సొంత పేర్లతోనే ఉన్నారు.

స్కోర్సెసీ 1942లో పుట్టాడు. పెరిగింది మన్‌హటన్‌లోని లిటిల్ ఇటలీ, ఎలిజబెత్ స్ట్రీట్. చిన్నప్పుడు ఆస్తమా. తోటి పిల్లలు వీధిలో ఆడుకుంటుంటే ఇతను కిటికీలోంచి చూస్తూ గడిపాడు. అందుకే ఈ సినిమాలో కథ ఒక పిల్లవాడి కిటికీ దగ్గర మొదలవడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. హెన్రీ కళ్ళు దగ్గరగా కనిపిస్తాయి. కింద వీధిలో బరువైన మనుషులు కార్లు దిగుతుంటారు. వాళ్ళ ఉంగరాలు, బూట్లు, సూట్లు. ఒక పిల్లవాడికి ఏం కనిపిస్తుందో అంతే చూపిస్తాడు. వాళ్ళు ఎక్కడపడితే అక్కడ కారు ఆపుతారు, చలానా రాసేవాడు ఉండడు. రాత్రంతా పేకాడుతూ అరిచినా పోలీసుల్ని పిలిచేవాడు ఉండడు. కొన్నాళ్ళకి వీధి పిల్లలు హెన్రీ వాళ్ళమ్మ సరుకుల సంచులు మోసిపెట్టడం మొదలుపెడతారు. గౌరవం అంటాడు హెన్రీ. ఆ వయసులో భయానికీ గౌరవానికీ తేడా ఎవరు చెప్పాలి వాడికి? ఇంట్లో బెల్టుతో కొట్టే తండ్రి ఉన్నాడు. బడికి రావట్లేదని ఉత్తరం తెచ్చిన పోస్ట్‌మ్యాన్‌ని ట్యాక్సీ స్టాండు వాళ్ళు పట్టుకెళ్ళి, తల పిజ్జా పొయ్యిలోకి తోసి బెదిరించారు. అంతటితో బడి ఉత్తరాలు ఆగిపోయాయి. పిల్లవాడి లెక్కలో అది ప్రేమే.

తర్వాత మొదటి అరెస్టు. దొంగ సిగరెట్లు అమ్ముతూ దొరుకుతాడు. కోర్టులోంచి తలదించుకుని బయటికి వస్తే, గుమ్మం దగ్గర ముఠా అంతా నిలబడి ఉంటుంది. చప్పట్లు, కౌగిలింతలు. పదో తరగతి పాసైన పిల్లవాడికి ఇంటిల్లిపాదీ మిఠాయి పంచినంత సంబరం. జిమ్మీ అతని జేబులో నోటు పెట్టి, రెండు పెద్ద విషయాలు నేర్చుకున్నావంటాడు: స్నేహితుల్ని పట్టివ్వకూడదు, నోరు మూసుకుని ఉండాలి. ఈ రెండు నియమాల్నీ హెన్రీ చివర్లో కోర్టులోనే తెంపుతాడు. ఆ రోజు వేలు పెట్టి చూపించేది ఎవరినో తెలుసుగా. ఆ నోటు పెట్టిన జిమ్మీనే.

ఇక ఈ ముఠా చేసే పని ఏమిటి? మాఫియా సినిమా అనగానే తుపాకులు, పగలు, వంశాల పోరు అనుకుంటాం. ఇక్కడ అవి తక్కువ. పాలీ అమ్మేది రక్షణ, అంతే అంటాడు హెన్రీ. పోలీసుల దగ్గరికి వెళ్ళలేనివాళ్ళకి వాళ్ళే పోలీసులు. దొంగసరుకు అమ్ముకునేవాణ్ణి ఇంకో దొంగ దోచుకుంటే స్టేషన్‌లో కేసు పెట్టలేడు కదా. పాలీకి వాటా ఇస్తాడు, హాయిగా నిద్రపోతాడు.

దీని అసలు రూపం ఆ రెస్టారెంట్ కథలో ఉంది. బాంబూ లాంజ్ యజమాని సనీ గుర్తున్నాడా? టామీ ఏడువేల డాలర్ల బాకీ పెట్టి, అడిగితే తలమీద సీసా పగలగొట్టాడు. పాపం సనీ వచ్చి పాలీ కాళ్ళావేళ్ళా పడతాడు: నువ్వే నా వ్యాపారంలో భాగస్వామివి కా, వీడి బాధ తప్పించు అని. తనే పిలిచి చేతిలో తాళం పెట్టాడు. పాలీకి హోటల్ నడపడం తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. ప్రతి వారం డబ్బు రావాలి. వ్యాపారం దెబ్బతిన్నా, నిప్పంటుకున్నా, పిడుగు పడ్డా డబ్బు రావాలి. తర్వాత హోటల్ పేరుమీద అప్పు సరుకు తెప్పిస్తారు. ముందు గుమ్మంలోంచి లోపలికి వచ్చిన సారా పెట్టెలు వెనక గుమ్మంలోంచి బయటికి పోతాయి. రెండొందల డాలర్ల పెట్టె వందకి అమ్మినా లాభమే, ఎందుకంటే దానికి వీళ్ళు చెల్లించేది సున్నా. సనీ పేరుమీద అప్పు ఇక పుట్టదన్నాక అగ్గిపుల్ల గీస్తారు. ఇన్సూరెన్సు. హెన్రీ, టామీ కారులో కూర్చుని హోటల్ ఎప్పుడు అంటుకుంటుందా అని చూస్తూ అమ్మాయిల గురించి మాట్లాడుకుంటారు! మొత్తం రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఒక మనిషి బతుకుదెరువుని ఎలా నమిలి మింగుతారో ఇంత స్పష్టంగా చెప్పిన దృశ్యం నాకు ఇంకోటి తెలియదు. సనీ కూడా ఆ మాటే నమ్మాడు. పాలీ ఉంటే చాలు, మనోడు అయిపోతాడు.

ఇప్పుడు కోపాకబానా అనే నైట్‌క్లబ్ షాట్. మీలో కొందరు దీనికోసమే వచ్చి ఉంటారు. హెన్రీ, కరెన్ కారు దిగుతారు. తాళం ఎవరికో ఇచ్చేస్తారు. బయట పొడుగాటి క్యూ. హెన్రీ ఆమె చెయ్యి పట్టుకుని రోడ్డు దాటి, పక్కన మెట్లు దిగి, వెనక దారిన నడిపిస్తాడు. కారిడార్లు, గోడల పక్కన నిలబడ్డవాళ్ళు, వంటగది, పొగ, పళ్ళేలు, అరుపులు. ఎదురైన ప్రతివాడూ పేరుపెట్టి పలకరిస్తాడు, ప్రతివాడి చేతిలో ఒక నోటు పడుతుంది. హాల్లోకి వచ్చేసరికి ఖాళీ టేబుల్ లేదు. అంతలో ఒక టేబుల్ గాల్లో తేలుతూ వచ్చి స్టేజి ముందు వాలుతుంది. మీద పరిచిన గుడ్డ, దీపం, పక్క టేబుల్ వాళ్ళు పంపిన సీసా. దాదాపు మూడు నిమిషాలు, ఒక్క కట్ లేదు. నడుస్తూ తీసినా కుదుపు రాని స్టెడీక్యామ్ ఒంటికి కట్టుకుని వాళ్ళ వెనకే నడిచినతను లారీ మెక్‌కాంకీ. సినిమాటోగ్రాఫర్ మైకేల్ బాల్‌హౌస్.

ఎడిటర్‌గా నాకు ఈ షాట్ అంటే ఎందుకు ఇష్టమో చెబుతాను. కట్ అంటే ఆలోచించుకోవడానికి దొరికే చిన్న సందు. చూసేవాడు ఒక క్షణం ఊపిరి తీసుకుంటాడు. ఇక్కడ ఆ సందు లేదు. కరెన్‌కి కూడా లేదు. ఆమె చెయ్యి అతని చేతిలో ఉంది, కాళ్ళు నడుస్తున్నాయి, తలుపులు వాటంతటవే తెరుచుకుంటున్నాయి. టేబుల్ దగ్గర కూర్చున్నాకే ఆమె అడగగలిగింది, నువ్వేం పని చేస్తావని. నిర్మాణ రంగం అంటాడు. చేతులు చూస్తే అలా లేవే అంటుంది ఆమె. యూనియన్ ప్రతినిధినిలే అంటాడు. అంతే, ఆ ప్రశ్న మళ్ళీ రాదు.

మా ఊళ్ళో, నేను చిన్నప్పుడు, కొత్త సినిమా వస్తే టికెట్ కౌంటర్ సందులో ఊపిరాడేది కాదు. చొక్కా గుండీలు తెగిపోయేవి. ఒకాయన మాత్రం బుల్లెట్ బండి మీద వచ్చి, సైకిల్ స్టాండు పక్క చిన్న గేటు దగ్గర ఆగేవాడు. గేటు తెరుచుకునేది. ఒకసారి నన్ను చూసి, నువ్వు ఫలానా వాళ్ళబ్బాయివి కదూ రా అని తనతో లోపలికి తీసుకెళ్ళాడు. సందులో నలుగుతున్న నా స్నేహితులు నన్ను చూశారు. ఆ క్షణం నాకు కలిగిన గర్వం ఇప్పటికీ గుర్తుంది. ఆయన ఊళ్ళో ఏం చేస్తాడో నాకు తెలుసు. ఎవరెవరి ఇళ్ళ ముందు వడ్డీ కోసం కూర్చునేవాడో తెలుసు. ఆ మూడు గంటలూ అదేదీ గుర్తుకు రాలేదు. కోపాకబానా షాట్ చూసినప్పుడల్లా ఆ చిన్న గేటు కీచుమనడం వినిపిస్తుంది. హెన్రీ కథ మనకి ఎక్కడో బ్రూక్లిన్‌లో జరిగినట్టు అనిపించకపోవడానికి కారణం అదేననుకుంటాను.

కరెన్ గురించి ఇంకాస్త చెప్పాలి. మగవాళ్ళ ముఠా కథ మధ్యలో ఒక ఆడమనిషి గొంతు వచ్చి కథ చెప్పడం మొదలుపెడుతుంది. అప్పటిదాకా హెన్రీ చెబుతున్న కథని ఆమె లాక్కుంటుంది. ఎదురింటి కుర్రాడు తనతో అసభ్యంగా ప్రవర్తిస్తే హెన్రీ వెళ్ళి అతని ముఖం పిస్తోలుతో పగలగొట్టి, నెత్తురంటిన పిస్తోలు తెచ్చి ఆమె చేతిలో పెడతాడు, దాచమని. వేరే అమ్మాయిలైతే అక్కడే పారిపోయేవాళ్ళు, నిజం చెప్పాలి, నాకు మాత్రం ఒళ్ళు పులకరించింది అంటుంది. కరెన్‌గా వేసిన లొరేన్ బ్రాకో ఆ పిస్తోలు పట్టుకునే తీరు చూడండి, వేళ్ళు ముందు వణికి తర్వాత బిగుస్తాయి. పాలు పోసేవాడు సీసాలు పెట్టే డబ్బాలో దాన్ని దాస్తుంది.

పెళ్ళయ్యాక ఆమెకి వేరే లోకం ఉండదు. పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు, సెలవులు, అన్నీ ఆ కుటుంబాల మధ్యే. బయటివాళ్ళు రారు. కొన్నాళ్ళకి ఇవేవీ నేరాల్లా అనిపించలేదు, మా ఆయన కాస్త చొరవ ఉన్న మనిషి, కష్టపడి నాలుగు డబ్బులు సంపాదిస్తున్నాడు అనిపించింది అంటుంది. సోదా చేయడానికి వచ్చిన డిటెక్టివ్‌లకి కాఫీ ఇస్తానంటుంది. వాళ్ళు ఇల్లు వెతుకుతుంటే ఆమె పిల్లతో కూర్చుని టీవీ చూస్తుంటుంది. చెడు మామూలైపోవడం గురించి ఎన్నో వ్యాసాలు చదివాం. ఇక్కడ అది సోఫా మీద కూర్చుని ఉంది.

తిండి సంగతి. ఈ సినిమాలో ఎంత వంట ఉందో చూశారుగా. జైల్లో పాలీ వెల్లుల్లిని బ్లేడుతో ఎంత పల్చగా తరుగుతాడంటే, కాస్త నూనెలో వేస్తే కరిగిపోతుందట. అక్కడ సాస్ చేసే విన్నీ పాత్ర వేసినాయన స్కోర్సెసీ సొంత తండ్రి, చార్లెస్. మూడు ఉల్లిపాయలు వేశానంటే, ఎక్కువైందని తోటివాళ్ళు సణుగుతారు. టామీ తల్లిగా వేసినావిడ స్కోర్సెసీ తల్లి, కాథరిన్. కారు డిక్కీలో బిల్లీ బాట్స్ అనే మనిషిని కుక్కి, పార కోసం టామీ అర్ధరాత్రి తల్లి ఇంటికి వస్తాడు. ఆమె నిద్రలేచి, అయ్యో తినలేదా అని ముగ్గురికీ వడ్డిస్తుంది. తను గీసిన కుక్కల బొమ్మ చూపిస్తుంది. పెళ్ళి చేసుకోరా అంటుంది. ఆ సంభాషణ చాలావరకు అప్పటికప్పుడు వాళ్ళు అల్లుకున్నదే. ఆ తల్లి మాటల్లో ఒక్కటి కూడా అబద్ధంగా ఉండదు. టామీ ఆమె వంటింటి కత్తి అడిగి తీసుకెళ్తాడు. జింకని గుద్దాం, కాలు ఇరుక్కుంది, కోయాలి అని చెబుతాడు. సినిమా మొదటి దృశ్యంలో డిక్కీ తెరిచి పొడిచింది ఆ కత్తితోనే. అమ్మ కత్తి.

‘నేనేమైనా జోకర్‌నా’ అని టామీ హెన్రీని నిలదీసే దృశ్యం గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. టామీగా వేసిన జో పెషీ కుర్రతనంలో రెస్టారెంట్‌లో పనిచేసేటప్పుడు ఒక ముఠా మనిషిని పొగుడుదామని, మీరు భలే నవ్విస్తారు అన్నాడట. ఆ మనిషికి కోపం వచ్చింది. ఆ అనుభవంలోంచి పుట్టిందే ఇది. స్క్రిప్టులో లేదు. చుట్టూ కూర్చున్న నటులకి ముందుగా చెప్పలేదు. అందుకే వాళ్ళ ముఖాల మీది నవ్వు నిజంగానే ఆగిపోయింది. ఇవాళ ఇక్కడ మీ నవ్వు కూడా అక్కడే ఆగింది. ఈ నటనకే పెషీకి ఆస్కార్ వచ్చింది. ఆరు నామినేషన్లలో సినిమాకి దక్కింది అదొక్కటే. స్కోర్సెసీ దర్శకుడిగా ఆస్కార్ కోసం 2007 దాకా ఆగాల్సి వచ్చింది.

బిల్లీ బాట్స్ చావు దగ్గర ‘మనోడు’ అనే మాట చీలిపోతుంది. బాట్స్ పూర్తి సభ్యుడు. వాళ్ళ భాషలో ‘మేడ్ మ్యాన్’. అతని మీద చెయ్యి వేయాలంటే పెద్దల అనుమతి ఉండాలి. టామీ అది లేకుండానే అతణ్ణి చంపాడు. సభ్యుడు కావాలంటే నెత్తురు మొత్తం ఇటలీదై ఉండాలి. జిమ్మీ ఐరిష్. హెన్రీ సగం ఐరిష్. ఎంత సంపాదించి పెట్టినా, ఎన్నేళ్ళు జైల్లో నోరు మూసుకుని ఉన్నా, వీళ్ళు గుమ్మం లోపలికి రాలేరు. అందుకే టామీకి పిలుపు వచ్చిన రోజు జిమ్మీ అంత మురిసిపోతాడు, తమ్ముడికి ఉద్యోగం వచ్చినంతగా. ఫోన్ బూత్‌లో టామీని చంపేశారన్న వార్త విని ఏడుస్తూ బూత్‌ని తన్ని పడగొడతాడు. జిమ్మీగా వేసిన రాబర్ట్ డి నీరో కెరీర్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన నిమిషం అది. ఎందుకంటే ఆ మనిషి నిజంగా ఏడ్చే చోటు సినిమా మొత్తంలో అదొక్కటే. పాతికమందిని చంపించినా కదలనివాడు, తమలో ఒకడికి గుమ్మం తెరిచినట్టే తెరిచి మూసేస్తే కదిలిపోయాడు.

చంపించడం అన్నాను కదా. 1978 డిసెంబర్ 11 తెల్లవారుజామున, న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయంలో లుఫ్తాన్సా కార్గో భవనంలో దోపిడీ జరిగింది. దాదాపు యాభై లక్షల డాలర్ల నగదు, 8,75,000 డాలర్ల నగలు. అప్పటికి అమెరికాలో అంత నగదు ఎవరూ దోచుకోలేదు. ఇంకో దర్శకుడైతే సినిమాలో అరగంట ఆ దోపిడీకే ఇచ్చేవాడు. స్కోర్సెసీ అసలు చూపించనే లేదు! హెన్రీ స్నానం చేస్తూ రేడియోలో వార్త వింటాడు, గోడని గుద్దుకుంటూ కేకలు పెడతాడు. అంతే. దర్శకుడికి కావాల్సింది ఆ తర్వాత జరిగింది. వాటా ఇవ్వడం కంటే చంపడం చవక అని జిమ్మీకి తోస్తుంది. ఒకడు గులాబీ రంగు కెడిలాక్ కొన్నాడు, ఇంకొకడు భార్యకి ఖరీదైన బొచ్చు కోటు కొన్నాడు, విగ్గుల వ్యాపారి మోరీ తన వాటా అడిగి విసిగిస్తున్నాడు. కారణాలు ఇవే. మెల్లగా పియానో మొదలవుతుంది. గులాబీ కారులో భార్యాభర్తల శవాలు, చెత్తబండిలో మరికొన్ని, మాంసం లారీలో గడ్డకట్టిన ఇంకొకటి. పోస్ట్‌మార్టం కోసం అతణ్ణి కరిగించడానికి రెండు రోజులు పట్టిందంటుంది హెన్రీ గొంతు. షూటింగ్‌లో ఆ పియానో పాటని సెట్‌లో మోగిస్తూ కెమెరా కదిలించారు. అందుకే కెమెరాకీ పాటకీ నడక ఒకటే.

వీళ్ళంతా ఎవరు? క్రిస్మస్ పార్టీలో మనం చూసినవాళ్ళు. ఒకరి పిల్లల్ని ఒకరు ఎత్తుకున్నవాళ్ళు. మనోళ్ళు.

చివరి ఆదివారం. 1980 మే 11, ఉదయం 6:55. తెరమీద టైమ్ పడుతుంది. సుమారు పది నిమిషాల ఆ భాగాన్ని ఎడిటింగ్ నేర్చుకునే ప్రతివాళ్ళూ చూడాలి. ఎడిటర్ తెల్మా స్కూన్‌మేకర్. స్కోర్సెసీతో దశాబ్దాలుగా ఉన్న మనిషి. హెన్రీ రాత్రంతా నిద్రపోలేదు, ఒంటినిండా కొకైన్. తుపాకులు ఇచ్చి రావాలి, అవి జిమ్మీకి నచ్చలేదు. తమ్ముణ్ణి ఆసుపత్రి నుంచి తేవాలి. సరుకు కలపాలి. ఆ సరుకుతో విమానం ఎక్కాల్సిన అమ్మాయి తన టోపీ లేకుండా కదలనంటుంది. తలమీద హెలికాప్టర్ తిరుగుతోంది. వీటన్నిటి మధ్యా సాస్ అడుగంటకూడదు. ఇంటికి ఫోన్ చేసి, కలుపుతూ ఉండమని తమ్ముడికి చెప్పమంటాడు. కోపాకబానాలో మూడు నిమిషాలు ఒక్క కట్ లేకుండా నడిచిన సినిమా ఇక్కడ మాటిమాటికీ తెగుతుంది. పాట మొదలవుతుంది, మధ్యలో ఆగుతుంది, ఇంకోటి అందుకుంటుంది. తలుపులు వాటంతటవే తెరుచుకున్న మనిషికి ఇప్పుడు ప్రతి తలుపూ వెతుక్కోవాల్సి వస్తోంది. రాత్రి ఇంటి ముందు కారులో, తలకి తుపాకీ ఆనించి ఎవరో కదలొద్దని అరుస్తారు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను అంటాడు హెన్రీ. అరిచారంటే పోలీసులే. మనవాళ్ళైతే చప్పుడు కూడా వినిపించేది కాదు.

తర్వాత అతను పాలీ దగ్గరికి వెళ్తాడు. పాలీ సాసేజ్‌లు వేయిస్తుంటాడు. డ్రగ్స్ జోలికి వెళ్ళొద్దని చెప్పాను, నా కళ్ళలోకి చూసి అబద్ధమాడావు అంటాడు. జేబులోంచి డబ్బు తీసి చేతిలో పెట్టి, ఇక నీకు వీపు చూపించాల్సిందే అంటాడు. 3,200 డాలర్లు. పన్నెండేళ్ళప్పటి నుంచి తండ్రిలా చూసుకున్న మనిషి కట్టిన లెక్క. జీవితకాలానికి 3,200 డాలర్లు, శవపేటిక ఖర్చుకి కూడా చాలవు అంటాడు హెన్రీ.

జిమ్మీ ఇంకా నెమ్మదిగా వస్తాడు. కరెన్‌ని పలకరించి, ఆ మూల మీద కొట్లో మంచి గౌన్లున్నాయి, వెళ్ళి తీసుకో అంటాడు. ఆమె ఖాళీ వీధిలో నడుస్తుంది. వెనక్కి తిరిగి చూస్తే అతను వెళ్ళు వెళ్ళు అని చెయ్యి ఊపుతుంటాడు. లోపల చీకట్లో ఇద్దరు మనుషులు. ఆమె పరుగున వచ్చి కారెక్కేస్తుంది. అక్కడ ఏముందో మనకి ఎప్పటికీ చెప్పరు. గౌన్లే ఉండొచ్చు కూడా. ఇన్నేళ్ళు అన్నం పెట్టుకున్న మనిషి చెయ్యి ఊపితే గౌన్లకో చావుకో తెలియని స్థితి. నన్నడిగితే సినిమాలో అన్నిటికంటే భయంకరమైన దృశ్యం ఇదే, ఒక్క నెత్తురు చుక్క లేకుండా.

ప్రశ్నలకి టైమ్ ఇస్తాను.

ప్రశ్న: ఇలాంటి సినిమాలు చూసి కుర్రాళ్ళు చెడిపోతారన్న మాట ఉంది కదా. హెన్రీ కూడా చివర్లో పశ్చాత్తాపపడడు.

అవును, పడడు. నాకు ఆ నిజాయితీయే నచ్చుతుంది. చివర్లో ప్రభుత్వం ఇచ్చిన కొత్త ఇంటి గుమ్మంలో నిలబడి, ఇక్కడ మంచి తిండి కూడా దొరకదు అని ఏడుస్తాడు. స్పగెట్టీ, మారినారా సాస్ అడిగితే ఎగ్ నూడుల్స్, కెచప్ ఇచ్చారట. అందరిలా క్యూలో నిలబడాల్సి వస్తోందని అతని బాధ. చంపినవాళ్ళ గురించి ఒక్క మాట లేదు. అతనితో ‘తప్పు చేశాను’ అనిపించి ఉంటే మనం హాయిగా ఇంటికి వెళ్ళేవాళ్ళం. మీ భయం నేను కొట్టిపారేయను. మొదటి గంట చూసి అక్కడే ఆగిపోయే కుర్రాళ్ళు ఉంటారు, గోడమీద పోస్టర్ పెట్టుకుంటారు. కానీ ఆ ఆకర్షణ చూపించకుండా పన్నెండేళ్ళ పిల్లవాడు ఎందుకు వెళ్ళాడో చెప్పలేం. బుల్లెట్ బండి ఆయన వెనక నేనెందుకు నడిచానో చెప్పలేను.

ప్రశ్న: నిజం మనుషులు ఏమయ్యారు?

టామీ డీసిమోన్ 1979 జనవరి తర్వాత ఎవరికీ కనపడలేదు. పాల్ వారియో 1988లో జైల్లో ఉండగా చనిపోయాడు. జిమ్మీ బర్క్ కూడా అంతే, 1996లో. లుఫ్తాన్సా సొమ్ము దొరకలేదు. లోపల నుంచి సమాచారం ఇచ్చిన విమానాశ్రయ ఉద్యోగి ఒక్కడికే ఆ దోపిడీలో శిక్ష పడింది. హెన్రీ మళ్ళీ డ్రగ్స్ కేసులో పడి సాక్షుల రక్షణ పథకం నుంచి బయటికి వచ్చేశాడు. ముఠా అతణ్ణి చంపలేదు. 2012 జూన్‌లో లాస్ ఏంజిలిస్‌లో ఆసుపత్రిలో పోయాడు. ఇంకో విషయం, సినిమాలో హెన్రీ దంపతులకి రక్షణ పథకం గురించి చెప్పే ప్రభుత్వ లాయరు ఉన్నాడు కదా, ఎడ్వర్డ్ మెక్‌డొనాల్డ్. అతను నటుడు కాదు. నిజంగా ఆ కేసు నడిపిన లాయరే వచ్చి తన పాత్ర తనే వేశాడు.

ప్రశ్న: పిల్లల సంగతి? సినిమాలో వాళ్ళ గురించి పెద్దగా లేదు.

మంచి ప్రశ్న, ఎవరూ అడగరు. సినిమాలో ఇద్దరు ఆడపిల్లలు. నిజంలో ఒక బాబు, ఒక పాప. వాళ్ళిద్దరూ పెద్దయ్యాక 2004లో తమ చిన్నతనం గురించి ఒక పుస్తకం రాశారు. ఒక రోజు హఠాత్తుగా ఇల్లు, ఊరు, స్నేహితులు, ఆఖరికి ఇంటిపేరు కూడా వదిలేసి వెళ్ళాల్సిన పిల్లలు వాళ్ళు. సినిమాలో లేదన్నారు గానీ, ఉన్నారు, వెనకాల. ఈసారి చూసినప్పుడు హెన్రీ, కరెన్‌లని వదిలేసి పిల్లల్ని మాత్రమే చూడండి. సోదా జరుగుతున్నప్పుడు సోఫా మీద. జైలుకి తల్లితో వెళ్ళినప్పుడు, ఆమె కోటు లోపల్నుంచి దాచిన తిండి, మాత్రలు తీసి టేబుల్ మీద విసిరి అరుస్తున్నప్పుడు, ఆ పక్కన. ఆఖరి ఆదివారం భోజనాల బల్ల దగ్గర. హెన్రీ పొద్దుట్నుంచీ కాపాడుకుంటూ వచ్చిన ఆ సాస్ వాళ్ళకే వడ్డించాడు.